పాఠపరిశోధనమునందు యూనిక్సు ఆజ్ఞల వినియోగము

ఉపోద్ఘాతము

గ్రంథపరిష్కర్తకు నిత్యము నాలుగు పనులు తప్పవు. ఒక పదము గ్రంథమునందు ఎచ్చటెచ్చట ప్రయుక్తమైనదో వెదకుట మొదటిది. పదములనెల్ల అకారాదిక్రమమున కూర్చి సూచిని సిద్ధపరచుట రెండవది. రెండు ప్రతులను ప్రక్కప్రక్కన నిలిపి పాఠభేదములను గుర్తించుట మూడవది. కుదిరిన పాఠమును పిదప చెడకుండ కాపాడుకొనుట నాలుగవది. మన పూర్వులు వీనిని చీటీలతోడను, ధారణతోడను, ఓరిమితోడను సాధించిరి. మారిస్ బ్లూమ్‌ఫీల్డు 1906లో ప్రకటించిన వైదిక మంత్రపాదసూచియు, లాహోరున ఆరంభమై దేశవిభజనానంతరము హోషియార్‌పురమున సాగిన విశ్వబంధుశాస్త్రిగారి వైదిక పదానుక్రమకోశమును అట్టి ఓరిమికి ఫలములు. పుణె నగరమందలి భండార్కరు ప్రాచ్యపరిశోధన సంస్థ 1919లో చేపట్టిన మహాభారత సంశోధిత ముద్రణము 1966లో గాని ముగియలేదు.

ఆ మహాకార్యములకు వెనుక సంస్థలు నిలిచినవి, పండితమండలులు నిలిచినవి. మన ప్రాచ్య కళాశాలలందు సామాన్యముగా ఒక గ్రంథమునకు ఒక్క అధ్యాపకుడే దిక్కు. అతడు ఇరువదియేండ్లు వ్రాసిపెట్టుకొన్న పదసూచి చీటీలు ఒక పెట్టెలో నుండును. అతడు పదవీవిరమణము చేసినపిమ్మట ఆ పెట్టెను చెదలు తప్ప మరియొకరు తెరవరు. ఈ నష్టము మనలో ప్రతివారును ఎరిగినదే.

నేడు కళాశాలలందెల్ల గణకయంత్రములు వచ్చినవి. అయినను మనము వానిని అందమైన అచ్చుయంత్రములుగా మాత్రమే వాడుచున్నాము. పైని చెప్పిన నాలుగు పనులను ఒంటరి పరిశోధకుడు తానే చేసికొనుటకు తగిన చిన్న చిన్న సాధనములు యూనిక్సు అను వ్యవస్థయందును, దాని సంతతివైన లినక్సు మొదలగు వానియందును ఉన్నవి. మాక్ యంత్రములందును ఇవి కలవు. విండోస్ యంత్రములందును 2016 నుండి లినక్సు ఉపవ్యవస్థ ద్వారా వీనిని పొందవచ్చును. వీనికి మూల్యము లేదు. కావలసినది కొంత అభ్యాసము. వ్యాకరణము చదివినవారికి ఆ అభ్యాసము మిక్కిలి సులభమని చూపుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

ఒక పరిభాష. ఇచ్చట ఆజ్ఞల పేర్లను ఉచ్చారణనుబట్టి తెలుగున వ్రాయుచున్నాను. యంత్రమునకు మాత్రము వానిని రోమను లిపిలోని చిన్న అక్షరములతో చెప్పవలెను. గ్రెప్ అనగా జి, ఆర్, ఇ, పి. సార్ట్ అనగా ఎస్, ఓ, ఆర్, టి. యునిక్ అనగా యు, ఎన్, ఐ, క్యు. సెడ్ అనగా ఎస్, ఇ, డి. ఆక్ అనగా ఎ, డబ్ల్యు, కె. టిఆర్, డబ్ల్యుసి అనునవి ఆయా రెండేసి అక్షరములే. ఏ ఆజ్ఞను గూర్చియైనను సందేహము కలిగినచో మాన్ (ఎం, ఎ, ఎన్) అని వ్రాసి దాని ప్రక్కన ఆజ్ఞ పేరు వ్రాసినయెడల వివరణము తెరపై కనబడును. అదియే ఈ శాస్త్రమునకు వృత్తిగ్రంథము.

1. ఈ సాధనముల పుట్టుక

యూనిక్సు 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు కెన్ థామ్సన్, డెనిస్ రిచీ అనువారి చేతులలో రూపుదిద్దుకొన్నది. ప్రయోగశాలలో దానికి తొలుదొల్త లభించిన నిజమైన ఉపయోగములలో ఒకటి వ్రాతపనియే. 1971లో అచ్చటి పేటెంటు శాఖవారు తమ దరఖాస్తు పత్రములను సిద్ధపరచుటకు దానిని వాడిరి. కావున ఈ సాధనములు గణితమునకే పుట్టినవని, భాషాశాస్త్రమునకు పరాయివని తలపరాదు.

గ్రెప్ అను ఆజ్ఞ కథ మనకు మరింత దగ్గరిది. 1787, 1788 సంవత్సరములందు అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు హామిల్టన్, మాడిసన్, జే అను మువ్వురు ఒకే మారుపేరుతో 85 వ్యాసములు ప్రకటించిరి. వానిలో కొన్నింటి కర్తృత్వము చిరకాలము వివాదగ్రస్తముగా నుండెను. బెల్ ప్రయోగశాలలోని లీ మెక్‌మహన్ ఆ వ్యాసములను యంత్రముపై పరిశీలింపదలచెను. నాటి వ్రాతపరికరము అంత పెద్ద పాఠమును మోయలేకపోగా, ఒక ఆకృతిని ఇచ్చినచో అది గల పంక్తులనుమాత్రమే ఏరి చూపునట్టి ప్రత్యేక సాధనమును థామ్సన్ వేరుచేసి ఇచ్చెను. అదియే గ్రెప్. ఆ వివాదమునే మోస్టెల్లర్, వాలెస్ అను గణాంకవేత్తలు వేరు మార్గమున పరిశీలించి, అవ్యయప్రాయములైన చిన్న పదముల ప్రయోగసంఖ్యలనుబట్టి వివాదగ్రస్తములైన 12 వ్యాసములు మాడిసన్‌వే యని 1964లో నిర్ణయించిరి.

మనకును ఇట్టి వివాదములు కొదువలేదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము శ్రీనాథకృతమని వాదించిన పండితులు కలరు. పదప్రయోగములను లెక్కించి చూచిన మాత్రమున అట్టి వాదము తీరిపోవునని నేను చెప్పను. లెక్కింపక చేసిన వాదముకంటె లెక్కించి చేసిన వాదము బలవత్తరమని మాత్రము చెప్పుదును.

2. ప్రక్రియాక్రమము: గొట్టము

యూనిక్సునందలి ప్రధానసూత్రము ఇది: ఒక్కొక్క సాధనము ఒక్క పనినే చేయును, పెద్ద పని కావలసినప్పుడు చిన్న సాధనములను వరుసగా కూర్చవలెను. డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ ఈ భావనను చిరకాలము ప్రతిపాదింపగా 1973లో థామ్సన్ దానిని వ్యవస్థలో చేర్చెను. రెండు ఆజ్ఞల నడుమ ఒక నిలువు గీత ( | ) వ్రాసినచో మొదటిదాని ఫలితము రెండవదానికి విషయమగును. దీనికి పైపు, అనగా గొట్టము, అని పేరు.

ప్రక్రియాగ్రంథములు చదివినవారికి ఇందు క్రొత్త లేదు. ధాతువునకు ప్రత్యయము చేరును, ఆ రూపముపై గుణము ప్రవర్తించును, ఆ ఫలితముపై సంధికార్యము ప్రవర్తించును. ఒక్కొక్క సూత్రము తనకు అందిన రూపమునే చూచును, తన పని చేసి తరువాతి దానికి అందించును. క్రమము తప్పినచో రూపము తప్పును. గొట్టపు వరుసయందును అంతే.

ఉదాహరణముగా, ఒక కాండములో ఏ పదము ఎన్ని మారులు వచ్చినదో తెలియవలెననుకొందము. ఆ వరుస ఇట్లుండును:

కట్ -ఎఫ్ 2 కాండము | టిఆర్ -ఎస్ ' ' '\ఎన్' | సార్ట్ | యునిక్ -సి | సార్ట్ -ఆర్ఎన్

మొదటి ఆజ్ఞ పంక్తిసంఖ్యను విడిచి పాఠమునుమాత్రము గ్రహించును. రెండవది పదముల నడిమి ఖాళీలను పంక్తిభేదములుగా మార్చి పంక్తికొక పదమును నిలుపును. మూడవది వానిని క్రమపరచగా ఒకే పదము యొక్క ఆవృత్తులు ప్రక్కప్రక్కకు చేరును. నాలుగవది ప్రక్కప్రక్కనున్న సమానపంక్తులను ఒకటిగా చేసి సంఖ్యను ముందు వ్రాయును. అయిదవది ఆ సంఖ్యనుబట్టి ఎక్కువనుండి తక్కువకు పేర్చును. యునిక్ ప్రక్కనున్న వానినే పోల్చును గావున దానికి ముందు సార్ట్ తప్పక ఉండవలెను. ఈ పౌర్వాపర్యమును మరచినచో సంఖ్యలన్నియు తప్పును, యంత్రము మాత్రము తప్పని చెప్పదు.

3. పాఠమును సిద్ధపరచు విధము

ఈ సాధనములన్నియు సాదా పాఠమునే కోరును. అక్షరముల పరిమాణము, రంగు, శీర్షికల అలంకారము మొదలగునవి లేని శుద్ధపాఠమే సాదా పాఠము. సంస్థలు తమ సొంత రూపములలో దాచిన ఫైళ్లు ఆ సంస్థతో కూడ అంతరించవచ్చును. సాదా పాఠమును ఏబదియేండ్లనాటి సాధనమును చదువగలదు, రేపటి సాధనమును చదువగలదు.

శ్లోకమైనచో అర్ధశ్లోకమునకు ఒక పంక్తి, తెలుగు పద్యమైనచో పాదమునకు ఒక పంక్తి కేటాయించవలెను. ప్రతి పంక్తికి మొదట కాండ, సర్గ, శ్లోకసంఖ్యలను ఖాళీలేకుండ వ్రాసి, ట్యాబ్ మీట నొక్కి, పిదప పాఠమును వ్రాయవలెను. ఇట్లు చేసినచో వెదకినపుడెల్ల స్థలనిర్దేశము తనంతట తానే వచ్చును. దండములను పదములకు అంటించి వ్రాయుట తగదు. ముందే వ్రాసియున్నచో సెడ్ ఆజ్ఞతో తొలగింపవచ్చును.

తెలుగు పద్యములయందు ఒక చిక్కు కలదు. పదము ఒక పాదమున మొదలై మరియొక పాదమున ముగియుట మన కవులకు పరిపాటి. యంత్రము పంక్తిని దాటి చూడదు గావున అట్టి పదము వెదకినను దొరకదు. కావున పాదభేదమును తీసివేసి పద్యమంతయు ఒకే పంక్తిగా కూర్చిన రెండవ ప్రతిని వెదకుటకై ప్రత్యేకముగా ఉంచుకొనవలెను.

4. అక్షరము వేరు, సంకేతము వేరు

నేడు తెలుగు లిపి యూనికోడ్ అను సంకేతపద్ధతిలో వ్రాయబడుచున్నది. 1991నాటి తొలి కూర్పునుండియు అందు తెలుగునకు స్థానము కలదు. యంత్రములో దానిని నిలుపు యుటిఎఫ్-8 అను పద్ధతిని 1992లో రూపొందించినవారిలో కెన్ థామ్సన్ ఒకడు. ఇందు ఒక్కొక్క తెలుగు సంకేతము మూడు బైట్ల చోటు తీసికొనును.

ఇచ్చట పండితులు జాగరూకులు కావలెను. స్త్రీ అనునది మనకు ఏకాక్షరము. యంత్రమునకు అది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈకారపు గుర్తు అను ఆరు సంకేతములు, 18 బైట్లు. డబ్ల్యుసి -సి అనునది బైట్లను లెక్కించును, డబ్ల్యుసి -ఎమ్ అనునది సంకేతములను లెక్కించును. రెండును అక్షరసంఖ్యలు కావు. వానిని అక్షరసంఖ్యగా ప్రకటించినచో ఛందశ్శాస్త్రమునకు విరోధము వచ్చును.

అక్షరసంఖ్యను పొందుటకు ఒక సులభోపాయము కలదు. పంక్తిలోని హల్లుల సంఖ్యనుండి పొల్లుల సంఖ్యను తీసివేసి, పంక్తిలో విడిగా నిలిచిన అచ్చుల సంఖ్యను కలుపవలెను. స్త్రీ అనుచోట హల్లులు మూడు, పొల్లులు రెండు, కావున అక్షరము ఒకటి. ఇంద్రుడు అనుచోట హల్లులు మూడు, పొల్లు ఒకటి, విడి అచ్చు ఒకటి, కావున అక్షరములు మూడు. వాక్ అనుచోట హల్లులు రెండు, పొల్లు ఒకటి, కావున అక్షరము ఒకటి. అంత్యహల్లు తనకు ముందున్న అచ్చుతోనే చేరును గావున ఇదియు ఛందస్సునకు సమ్మతమే.

ఆక్ ఆజ్ఞతో ఈ లెక్కను గ్రంథమంతటికిని ఒక్క క్షణమున చేయవచ్చును. ఆక్ 1977లో పుట్టినది. దానిని చేసిన ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహన్ అను మువ్వురి పేర్ల తొలి అక్షరములే దాని పేరు. అనుష్టుప్పు అర్ధమునకు 16, ఉత్పలమాల పాదమునకు 20, చంపకమాలకు 21, శార్దూలమునకు 19, మత్తేభమునకు 20 అక్షరములుండవలెను గదా. ఆ సంఖ్య రాని పంక్తులనుమాత్రమే చూపుమని ఆజ్ఞాపించినచో, వ్రాయసకాడు విడిచిన అక్షరములు, రెండుమారులు వ్రాసిన అక్షరములు చాలవరకు బయటపడును. అచ్చుప్రతుల దిద్దుబాటులో కన్ను అలసినప్పుడు జారిపోవు దోషములు ఇట్టివే. ఇందు గాక్ అను కూర్పునే వాడవలెను. కొన్ని లినక్సు యంత్రములలో ఆక్ పేర ఉండు మాక్ అను కూర్పు బైట్లనే చూచుచు తెలుగు అక్షరములను తప్పుగా లెక్కించును.

అయితే యంత్రము చూపిన పంక్తి యెల్ల దోషయుక్తమని తలపరాదు. ఇతిహాసములందు అక్షరాధిక్యము గల ఆర్షపాదములు కలవు. సంఖ్య కుదరలేదని వానిని దిద్దినవాడు పరిష్కర్త కాడు. యంత్రము పని వ్రేలు చూపుట. పాఠనిర్ణయము పండితునిది.

5. వెదకు విధము

గ్రెప్ -ఎన్ 'రామ' కాండము అని వ్రాసినచో ఆ ఆకృతి గల పంక్తులు సంఖ్యలతో వచ్చును. రామః, రామేణ, రామోఽపి అనునవన్నియు చిక్కును. ఏలయన గుణింతపు గుర్తు మకారమునకు పిదప వచ్చు వేరు సంకేతము. దానితోపాటు విరామ, ఆరామ అనునవియు వచ్చును. ఏరివేయుట మన పని.

సంధి కలిసినచోట మరింత నేర్పు కావలెను. ఉదయ అని వెదకినచో సూర్యోదయము దొరకదు. అచ్చట ఉకారము లేదు, ఓకారపు గుర్తు కలదు. అప్పుడు '[ఉుూో]దయ' అని వ్రాయవలెను. చదరపు కుండలీకరణములలోని వానిలో ఏదియైనను ఒక్కటి ఆ స్థానమున ఉండవచ్చునని దీని అర్థము. గుణింతపు గుర్తు ఒంటరిగా వ్రాసినపుడు తెరపై చుక్కల వలయముతో కనబడును, దానికి వెరవ పనిలేదు. ఈ ఆకృతికి ఉదయ, అభ్యుదయ, భానూదయ, సూర్యోదయ అను నాలుగు విధములును చిక్కును. హృదయ, సదయ అనునవి చిక్కవు. ఇది ప్రత్యాహారము వంటిదే. అచ్ అన్నంతనే వర్ణసమూహము స్ఫురించినట్లు, కుండలీకరణము ఒక వర్ణసమూహమును చెప్పును. తొలి తుది వర్ణములను మాత్రము చెప్పి నడుమ అడ్డగీత నిలిపిన [క-హ] అను రూపమును కలదు గాని, దాని అర్థము యంత్రపు భాషావ్యవస్థనుబట్టి మారవచ్చును. వర్ణములను విడివిడిగా వ్రాయుటయే క్షేమము.

లేఖనభేదములకును ఇట్లే మార్గము కలదు. గ్రెప్ ప్రక్కన అడ్డగీతతో రోమను పెద్ద అక్షరపు ఇ చేర్చినచో, ప్రశ్నార్థకపు గుర్తు తనకు ముందున్నది వైకల్పికమని చెప్పును. 'వాఁ?డు' అనగా అరసున్న ఉన్నను లేకున్నను చిక్కును. 'ధర్(మ్)?మ' అనగా ధర్మ, ధర్మ్మ అను రెండును చిక్కును. 'శ(ం|ఙ్)కర' అనగా అనుస్వారముతో వ్రాసిన శంకర శబ్దమును, పరసవర్ణముతో వ్రాసిన శఙ్కర శబ్దమును చిక్కును. కుండలీకరణములోపలి నిలువు గీతకు వికల్పార్థము, గొట్టమని అర్థము కాదు.

మూడు హెచ్చరికలు. మొదటిది: కంటికి ఒకటిగా కనబడు రూపము యంత్రమున రెండు విధములుగా నుండవచ్చును. ఐకారపు గుర్తును ఒకే సంకేతముగా వ్రాయవచ్చును, ఎకారపు గుర్తు మరియు దాని క్రింది భాగము అను రెండు సంకేతములుగాను వ్రాయవచ్చును. పొల్లు పిదప అక్షరములు కలియకుండ ఆపు అదృశ్యసంకేతము ఒకటి కలదు, అది ఒక ప్రతిలో ఉండి మరియొకదానిలో లేకపోవచ్చును. కావున వెదకుటకు ముందు పాఠమును ఏకరూపము చేయవలెను. ఐకారము వంటి వానికి యుకాన్వ్ అను సాధనమును, అదృశ్యసంకేతమును తొలగించుటకు సెడ్‌ను వాడవచ్చును.

రెండవది: గ్రెప్‌నకు -డబ్ల్యు చేర్చినచో పూర్ణపదమునే వెదకునందురు. గుణింతపు గుర్తును పదభాగముగా ఎంచుటయు ఎంచకపోవుటయు యంత్రవ్యవస్థనుబట్టి మారును గావున తెలుగునందు దానిని నమ్మరాదు.

మూడవది: సంస్కృతపాఠములు పెక్కు రోమను లిపిలో లభించుచున్నవి. వానిలో హార్వర్డు-క్యోటో పద్ధతి ననుసరించినవి యున్నచో, గ్రెప్ -ఐ అను రూపమును ఎన్నడును వాడరాదు. అది పెద్ద చిన్న అక్షరములను అభిన్నముగా చూచును. ఆ పద్ధతిలో చిన్న టి అనగా తకారము, పెద్ద టి అనగా టకారము. హ్రస్వదీర్ఘభేదమును అట్టిదే. ఆంగ్లమునకు సౌకర్యమైనది సంస్కృతమునకు వర్ణసంకరమగును.

6. సూచియు, వర్ణక్రమమును

స్థలనిర్దేశముతో కూడిన పదసూచికి ఆక్ ఆజ్ఞ చాలును. ప్రతి పంక్తిలోను మొదటిది సంఖ్య, రెండవదినుండి పదములు గదా. రెండవదినుండి చివరివరకు ఒక్కొక్క పదమును వ్రాసి దాని ప్రక్కన మొదటి దానిని వ్రాయుమని చెప్పి, ఫలితమును సార్ట్‌నకు పంపినచో సూచి సిద్ధమగును. చేతితో ఏండ్లు పట్టు ఈ పని యంత్రముపై నిమేషమాత్రమున ముగియును. సంధి విడదీయని పాఠమైనచో అది పదసూచి కాదు, సంహితాసూచి యగును. పదపాఠమును మనమే సిద్ధపరచి యంత్రమునకు ఈయవలెను. వైదికులు సంహితతోపాటు పదపాఠమును ఏల రక్షించిరో ఇచ్చట బాగుగ బోధపడును.

సార్ట్‌నకు ముందు ఎల్‌సి-ఆల్ అను చరమునకు సి అను విలువను నిర్దేశించినచో అది సంకేతసంఖ్యల క్రమమును పాటించును. అది మన వర్ణమాలకు చాలవరకు అనుకూలమే. భేదము ళకార, ఱకారములయందు కలదు. సంకేతక్రమమున ళకారము లకారమునకు వెంటనే వచ్చును గావున కళ అనునది కవి కంటె ముందు నిలుచును. సంప్రదాయమున హకారమునకు పిదప ళకారము గదా.

దీనికి పరిహారమును పాణినీయమే సూచించుచున్నది. అనుబంధమును చేర్చుదుము, దాని కార్యము జరిగిన పిదప అది లోపించును. అట్లే ప్రతి పదమునకు ముందు దాని ప్రతిరూపమును ఒకదానిని చేర్చి, ఆ ప్రతిరూపమున ళకారమును అవగ్రహచిహ్నముగా మార్చవలెను. అవగ్రహము సంకేతక్రమమున హకారమునకు పిదప, గుణింతపు గుర్తులకు ముందు ఉన్నది. ఆ ప్రతిరూపమునుబట్టి సార్ట్ క్రమపరచును. పిదప కట్ ఆజ్ఞ ప్రతిరూపమును తొలగించును. అసలు పదమునకు ఏ వికారమును కలుగదు.

టిఆర్ ఆజ్ఞను ఖాళీలు మొదలగు వానికే వాడవలెను. పెక్కు లినక్సు యంత్రములలో అది బైటును మాత్రమే చూచును. దానికి తెలుగు అక్షరములనిచ్చినచో పాఠము ఛిన్నాభిన్నమగును. అక్షరములను మార్చుటకు సెడ్ తగినది.

7. పాఠభేదములు

రెండు ప్రతులను పోల్చుటకు డిఫ్ అను ఆజ్ఞ కలదు. ఇది 1974నాటి యూనిక్సు కూర్పునుండియు ఉన్నది. మొదటి ప్రతిలోని పంక్తిని ఎడమకు తిరిగిన కోణముతోడను, రెండవదానిని కుడికి తిరిగిన కోణముతోడను చూపును. భేదము లేని పంక్తులను చూపదు. పంక్తినంతయు ఒకటిగా పోల్చును గావున అర్ధమునకొక పంక్తి యను నియమము ఇచ్చటను ఫలించును. పంక్తిలో ఏ పదము మారినదో తెలియవలెనన్నచో గిట్ అను సాధనమున పదభేదమును చూపు రూపము కలదు.

గిట్ 2005లో పుట్టినది. దాని ముఖ్యప్రయోజనము వేరు. ఏ పాఠమును ఏనాడు, ఎవరు, ఏ కారణముచేత మార్చిరో అది భద్రపరచును. ఇద్దరు ముగ్గురు కలిసి చేయు పరిష్కరణమునందు ఇది గొప్ప సాక్ష్యము. పాతపాఠము నశింపదు, ఎప్పుడు కావలసినను వెనుకకు పోవచ్చును. మన పీఠికలలో కొన్నిచోట్ల సవరించితిమి అని మాత్రము వ్రాయు అలవాటు పరిశోధనకు ఎంత చేటో ఎరిగినవారు దీని విలువను గ్రహింపగలరు.

రెండు పదసూచులను పోల్చి ఒక కవియందు మాత్రమే కల పదములను ఏరుటకు కామ్ (సి, ఓ, ఎం, ఎం) అను ఆజ్ఞ కలదు. రెండు సూచులును ఒకే క్రమమున సార్ట్ చేయబడియుండవలెను.

8. రక్షణోపాయములు

ఈ సాధనములు విధేయములు. విధేయతయే వానియందలి అపాయము. ఆర్‌ఎం అను ఆజ్ఞ ఫైలును చెరుపును. దానికి చెత్తబుట్ట లేదు, మరల తీయుట దుర్లభము. నక్షత్రపు గుర్తుతో అనేకములను చెరుపదలచినపుడు, ముందు అదే గుర్తుతో ఎల్‌ఎస్ అను ఆజ్ఞనిచ్చి ఏవేవి వచ్చునో చూచికొనవలెను.

ఫలితమును ఫైలులో నిలుపుటకు కుడికి తిరిగిన కోణము ( > ) వాడుదురు. ఆ పేరుతో ముందే ఫైలున్నచో అది తుడిచివేయబడును. ఒక ఫైలును సార్ట్ చేసి అదే పేరున నిలుపబోయినచో, సార్ట్ చదువకముందే ఫైలు శూన్యమగును. కావున ఫలితమునకు ఎల్లప్పుడును వేరు పేరు పెట్టవలెను. సెడ్ -ఐ అను రూపము మూలమునే మార్చును. దానికి వెంటనే ఒక ప్రత్యయమును చేర్చినచో పాతప్రతి ఆ ప్రత్యయముతో మిగులును. ఆ ప్రత్యయము లేకుండ ఆ రూపమును వాడరాదు.

పాఠము మారలేదని నిర్ధారించుకొనుటకు షా256సమ్ అను ఆజ్ఞ కలదు. అది ఎంత పెద్ద గ్రంథమునకైనను 64 చిహ్నముల ముద్రను ఇచ్చును. ఒక్క పొల్లు మారినను ముద్ర మారును. ఆ ముద్రను ఒక కాగితముపై వ్రాసి ఉంచుకొనవచ్చును. క్రమపాఠ జటాపాఠములు వేదమునకు ఏ రక్షణ చేసినవో, అందలి అల్పాంశమును ఈ ముద్ర చేయును. క్రమజటలు దోషము ఎచ్చట జరిగినదో కూడ చూపగలవు. ఈ ముద్ర దోషము కలదని మాత్రమే చెప్పును.

1990వ దశకమున మన గ్రంథములు, పత్రికలు పెక్కు యూనికోడ్‌కాని ఖతులతో అక్షరకూర్పు పొందినవి. వానిలో తెలుగు అక్షరపు తునకలను రోమను అక్షరముల స్థానములందు ఉంచిరి. ఆ ఖతి లేనిదే ఆ ఫైలు నిరర్థకవర్ణసమూహముగా కనబడును. సంకేతపద్ధతులను మార్చు ఐకాన్వ్ అను ఆజ్ఞయు వానిని మార్చలేదు, ఏలయన అవి ప్రామాణికపద్ధతులు కావు. ఒక్కొక్క ఖతికి ప్రత్యేకముగా సెడ్ ఆదేశములపట్టికను కూర్చుకొనవలెను. ఆ ఖతులను ఎరిగినవారును, ఆ ఫైళ్లు గల యంత్రములును ఉండగనే ఈ పని జరుగవలెను. తాళపత్రములు మూడునూరేండ్లు నిలిచినవి. ఆ ఫైళ్లు ముప్పదియేండ్లకే మూగవోవుచున్నవి.

ఉపసంహారము

ఆజ్ఞలన్నింటిని ఒక్కనాడు కంఠస్థము చేయవలసిన పనిలేదు. గ్రెప్, సార్ట్, యునిక్, డిఫ్ అను నాలుగింటిని ఒక సర్గపై ఒక పక్షము అభ్యసించినచో చాలును. కుదిరిన ఆజ్ఞావరుసను ఒక ఫైలులో వ్రాసి, అది ఏ పని చేయునో పైన ఒక వాక్యము తెలుగున వ్రాసియుంచవలెను. తరువాతి సంవత్సరమున మనకును, మన తరువాత విద్యార్థికిని అది ఉపయోగపడును. సూచితోపాటు సూచిని చేసిన విధానమును కూడ అందించుట ఈ పద్ధతియందలి విశేషము. చదివినవాడు సందేహించినచో తానే మరల చేసి చూచుకొనవచ్చును.

యంత్రమునకు సమాసము తెలియదు, శ్లేష తెలియదు, ఆర్షము తెలియదు. అందుచేతనే దీనిని నడుపువాడు శాస్త్రమెరిగినవాడు కావలెను. అక్షరకూర్పరికి అప్పగించి ఫలితమును గ్రహించు పనికాదిది. ఏ ఆకృతిని వెదకవలెనో, ఏ సంఖ్య అనుమానాస్పదమో, ఏ భేదము పాఠాంతరమో, ఏది వ్రాయసకాని ప్రమాదమో చెప్పగలవాడు వైయాకరణుడే, ఛాందసికుడే. కళాశాలలందు పరిశోధకవిద్యార్థులకు తాళపత్రలిపిని నేర్పునట్లే ఈ నాలుగు ఆజ్ఞలను నేర్పుట అవసరమని విజ్ఞులకు మనవి చేయుచున్నాను.